ఆదివారం, గుంటూరు: పేగు సంచీ పని

పేగు ముక్కని సంచీలా కట్టి, ఒక మందు పేగు పొరను ఎంత వేగంగా దాటుతుందో ల్యాబులో కొలిచే పని ఇది. ఆదివారం మటన్ కొట్ల దగ్గర రద్దీ మొదలయ్యేలోపే పేగు తెచ్చుకోవాలి. "అన్నా, బోటి వేడినీళ్లలో ముంచొద్దు, గీకొద్దు" అని ముందే చెప్పాలి. కూరకి శుభ్రం చేసినట్టు చేస్తే లోపలి పొర పోతుంది. మందును పీల్చుకునేది ఆ పొరే. కోసిన వెంటనే ఐసులో చల్లబరిచిన క్రెబ్స్-రింగర్ ద్రావణంలో (పేగును బతికించి ఉంచే ఉప్పు నీళ్లు) వేయాలి. గుంటూరు ఎండల్లో థర్మాకోల్ పెట్టె లేనిదే ఈ పని పెట్టుకోకూడదు.

ద్రావణంలో క్యాల్షియం క్లోరైడ్ ఆఖర్న, అదీ ద్రావణంలోకి గ్యాస్ బుడగలు పంపాకే కలపాలి. ముందే పోస్తే ద్రావణంలో ఉన్న బైకార్బొనేట్‌తో కలిసి తెల్లగా అడుగున పేరుకుంటుంది. 95% ఆక్సిజన్, 5% కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్ లేక అక్వేరియం పంపుతో సరిపెడితే, పీహెచ్ 7.4 దాటి పైకి పాకుతుంది. పంపే దిక్కయితే బైకార్బొనేట్ మానేసి హెపెస్ బఫర్ (కార్బన్ డయాక్సైడ్ లేకుండానే పీహెచ్ నిలిపేది) వాడటం మేలు.

జెజునం (చిన్నపేగు మధ్యభాగం) ముక్కని మొన నునుపైన గాజుకడ్డీతో లోపలి పొర బయటికొచ్చేలా తిరగేసి, 5 సెం.మీ. సంచీలుగా పట్టుదారంతో కట్టి, ఒక్కోదాంట్లో 2 మి.లీ. ద్రావణం నింపాలి. 1954లో విల్సన్, వైజ్‌మన్ ప్రచురించిన పద్ధతే. మందు బయటి ద్రావణంలో ఉంటుంది, 37 డిగ్రీల దగ్గర. ఒక్కో సమయానికి ఒక్కో సంచీ విప్పాలి.

అసలు చిక్కు ఆ 2 మి.లీ. దగ్గరే. 1 సెం.మీ. వ్యాసమున్న సంచీ వైశాల్యం 15.7 చదరపు సెం.మీ. బయట మి.లీ.కి 100 మైక్రోగ్రాముల మందు ఉంటే, లోపల 10 దాటకూడదు. దాటితే వెనక్కి పోయే మందు లెక్కను పాడుచేస్తుంది. అంటే మొత్తం 20 మైక్రోగ్రాములు. గంటలో అంత వచ్చిందంటే పర్మియబిలిటీ (మందు పొరను దాటే వేగం) సెకనుకు 3.5×10⁻⁶ సెం.మీ. బీపీ మందు ప్రొప్రనొలాల్ లాంటి, పొరను త్వరగా దాటే మందులు ఆ హద్దును చాలా ముందే దాటేస్తాయి. వాటికి పేగు తిప్పకుండా మందు లోపల పోసి, బయటి పెద్ద బీకరులోకి ఎంతొచ్చిందో కొలవడమే దారి. అప్పుడు లోపల మందు తరిగిపోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

షుగరు మందు మెట్‌ఫార్మిన్‌ను యూవీ కాంతిలో 233 నానోమీటర్ల దగ్గర కొలిస్తే పేగు వదిలే ప్రోటీన్లూ అక్కడే పలుకుతాయి. మందు లేని సంచీ ఒకటి పక్కన నడపకపోతే ఆ అంకె చెత్తబుట్టకే. వీలుంటే హెచ్‌పీఎల్‌సీ (మందును మిగతా వాటి నుంచి విడదీసి కొలిచే యంత్రం) వాడాలి.

సంచీకి చిల్లు ఉందో లేదో, పేగు పొరను దాదాపు దాటని ఫినాల్ రెడ్ రంగుతో తేలుతుంది: బయట కలిపిన రంగు లోపలి ద్రావణంలో కనిపిస్తే ఆ సంచీ పనికిరాదు. పేగు బతికుందా అన్నది గ్లూకోజ్ చెప్తుంది. రెండువైపులా సమానంగా పెట్టినది కాసేపటికి లోపల పెరగాలి.

ఒంట్లో మందు పొర కిందున్న రక్తనాళాల్లోకి వెళ్లిపోతుంది. సంచీలో కండరం కూడా దాటాలి. అందుకే ఇక్కడి అంకె తక్కువగానే వస్తుంది, మందుకీ మందుకీ పోలికకే పనికొస్తుంది. గంట తర్వాత గ్రాఫులో మందు గీత ఒక్కసారిగా లేస్తే మందు బాగా పీల్చుకుంటోందని మురవకండి, పొర ఊడుతోంది.