అడిగినట్టే ఉంటుంది

పదకొండున్నర. ఆ కార్డు ఇంకా కళ్ల ముందే ఉంది. పొద్దున ట్రైనింగులో, నలుగురిలో ఎవరి తీరు ఏ రకమో చెప్పే ‘సోషల్ స్టైల్స్’ అంటూ ప్రశ్నల కాగితం పంచి, ఎవరికి వాళ్లను టిక్కులు పెట్టుకోమన్నారు. గంటలో తలా ఒక రకం పేరు, కార్డు మీద, లామినేషన్ చేసి మరీ! నేను ‘అనలిటికల్’ అట. టేబుల్ మీద పెట్టుకోవాలట.

1960లలో అమెరికాలో మెరిల్, రీడ్ అనే ఇద్దరు ఈ సోషల్ స్టైల్స్ పద్ధతి తెచ్చారు. అందులో లెక్కకొచ్చేది ఎదుటివాళ్లకి మనం ఎలా కనిపిస్తామన్నదే. మన గురించి మనం టిక్కు పెట్టుకుంటే ఇంకేం మిగిలింది?

గమనించాల్సినవి రెండు. మనిషి అడిగే రకమా, చెప్పే రకమా? ఇది మాట వేగంలో, గొంతులో, ముందుకు వంగి కూర్చోవడంలో తెలుస్తుంది. లోపలున్నది బయటికి కనిపిస్తుందా, లేదా? ఇది మొహంలో, చేతుల్లో. చెప్తూ బయటపడనివాళ్లు డ్రైవింగ్, చెప్తూ బయటపడేవాళ్లు ఎక్స్‌ప్రెసివ్. అడిగేవాళ్లలో బయటపడేవాళ్లు ఎమియబుల్, పడనివాళ్లు అనలిటికల్. రెండు మూడు చోట్ల, వేరువేరు మనుషుల మధ్య చూడందే ఏ పేరూ పెట్టకూడదు.

మన దగ్గర ఇంకో చిక్కు, ఆ ‘అండీ’. ‘కాస్త ఇది చూస్తారా అండీ’ అంటే సగంసార్లు ఆర్డరే. మా పెద్దమ్మ అంతే. చెల్లి పెళ్లి మాటలప్పుడు, ‘ఏమంటావు మరి, పదిన్నర ముహూర్తమే పెట్టుకుందామా?’ అని నాన్నని అడిగింది. ఆయన నోరు తెరిచేలోపు పంతులుగారికి ఫోన్ కలిపేసింది. కాబట్టి ప్రశ్నని కాదు, ప్రశ్న తర్వాత జవాబు కోసం ఎంతసేపు ఆగారన్నది చూడాలి. పెద్దమ్మ ఆగదు. పక్కా డ్రైవింగ్.

అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది, అదే పెళ్లిలో వంటవాళ్లు రాక గొడవైతే, ‘మీ ఇష్టం, ఎలాగైనా కానివ్వండి’ అని ఓ మూల కూర్చుండిపోయింది. ఒత్తిడిలో డ్రైవింగ్ వాళ్లు ఇంకా అధికారం చేస్తారు, ఎక్స్‌ప్రెసివ్ వాళ్లు మీద పడతారు, అనలిటికల్ వాళ్లు తప్పుకుంటారు. ‘మీ ఇష్టం’ అని లొంగిపోయేది ఎమియబుల్ వాళ్లు. అంటే ఇంకెవరూ ముందుకు రాక పెత్తనం ఆవిడ నెత్తిన పడిందా? ఏమో, ఆ పూట ఉత్త అలసటేమో కూడా. ఒక్క పూట చూసి తేల్చేస్తే నాకూ ఆ ట్రైనింగాయనకీ తేడా ఏముంది!

కార్డు మాత్రం పెట్టను. సొరుగులో పడేశాను.

‘లైటు తీసెయ్యనా?’ అంటున్నారు ఈయన. తీసేశారు.