లెక్కపెట్టకుండా లెక్క తేల్చడం: ఎలిప్టిక్ కర్వ్‌లతో నా ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి నేను తీసుకున్న టాపిక్, ఎలిప్టిక్ కర్వ్ మీద ఎన్ని బిందువులున్నాయో లెక్క తేల్చడం. ఒకవైపు వై వర్గం, మరోవైపు ఎక్స్ ఘనం ఉండే సమీకరణం అనుకోండి, దానికి సరిపోయే ఎక్స్, వై జతలే బిందువులు. కోడ్ రాయాలని ఉత్సాహంగా వెళ్తే మా గైడ్ సార్, "కోడ్ ఎక్కడికీ పోదు, ముందు ఒక చిన్న కర్వ్ చేత్తో చెయ్యమ్మా" అన్నారు. ఈ టాపిక్ తీసుకునే ఎవరికైనా నేనూ ముందు అదే చెప్తాను.

నేను తీసుకున్న కర్వ్ వై² = ఎక్స్³ + ఎక్స్ + 1. అంకగణితమంతా 23తో భాగిస్తే వచ్చే శేషాలతోనే, అంటే 0 నుంచి 22 వరకే. ముందు వర్గాల శేషాలు రాసుకున్నా: 0, 1, 2, 3, 4, 6, 8, 9, 12, 13, 16, 18. ఇక ఒక్కో ఎక్స్ వేసి చూడటమే. ఎక్స్ 1 అయితే కుడివైపు 3 వస్తుంది. 7 వర్గం 49, దాని శేషం 3, కాబట్టి వై 7 గానీ 16 గానీ కావచ్చు. రెండు బిందువులు దొరికాయి. ఎక్స్ 2 అయితే 11 వస్తుంది, అది జాబితాలో లేదు, కాబట్టి బిందువు లేదు. ఎక్స్ 4 అయితే 69, శేషం సున్నా, కాబట్టి ఒకటే బిందువు. ఇలా అన్నీ కలిపితే 27, అనంత బిందువుతో (కర్వ్‌కి అదనంగా చేర్చే, కూడికలో సున్నాలా పనిచేసే బిందువు) 28.

23 కాబట్టి సరిపోయింది. ఇంటర్నెట్ భద్రతకి వాడే పి-256 అనే కర్వ్‌లో 23 స్థానంలో 78 అంకెల ప్రధాన సంఖ్య ఉంటుంది. అక్కడ ఒక్కో ఎక్స్ వేసి చూడటం ఏ కంప్యూటర్ వల్లా కాదు.

దారి చూపించింది ఇద్దరు. 1930లలో గణితవేత్త హాసే నిరూపించినదాని ప్రకారం, ప్రధాన సంఖ్య పి అయితే బిందువుల సంఖ్య పి + 1కి చాలా దగ్గర్లోనే ఉంటుంది. తేడా పి వర్గమూలానికి రెట్టింపు దాటదు. మా కర్వ్‌కి అది 24, అటూ ఇటూ 9 లోపు. అంటే పట్టుకోవలసింది ఆ చిన్న తేడా ఒక్కటే. దాన్ని టీ అంటారు, 24 లోంచి టీ తీసేస్తే బిందువుల సంఖ్య వస్తుంది. 1985లో గణితవేత్త రెనే స్కోఫ్ అసలు కిటుకు చెప్పారు: టీని నేరుగా వెతకొద్దు, 2, 3, 5 లాంటి చిన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే దానికి వచ్చే శేషాలు కనుక్కోండి, చైనీస్ శేష సిద్ధాంతంతో (విడివిడి శేషాల నుంచి అసలు సంఖ్యని రాబట్టే పద్ధతి) కలిపేయండి.

2తో శేషం సులువు. ఎక్స్ 4 దగ్గర కుడివైపు సున్నా అయింది కాబట్టి బిందువుల సంఖ్య సరి సంఖ్యే, టీ కూడా సరి సంఖ్యే. నాకు బాగా టైమ్ పట్టింది 3 దగ్గర. కర్వ్ మీది బిందువుల్ని ఒక నియమం ప్రకారం కూడొచ్చు, కూడితే మళ్లీ కర్వ్ మీది బిందువే వస్తుంది. తనను తాను మూడుసార్లు కూడుకుంటే అనంత బిందువుకి చేరే బిందువులన్నిటి ఎక్స్ విలువలూ 3ఎక్స్⁴ + 6ఎక్స్² + 12ఎక్స్ − 1 అనే ఒక్క బహుపదికి మూలాలు. ఆ మూలాలు విడిగా కనుక్కోనక్కర్లేదు, లెక్కంతా ఆ బహుపదితో భాగించిన శేషాలతో నడిపిస్తే చాలు! ఇది బుర్రకెక్కిన రోజు నాకు నిద్ర పట్టలేదు. చివరికి 3తో శేషం 2, 5తో శేషం 1. 30 లోపు మూడూ కుదిరే సంఖ్య 26 ఒక్కటే. హాసే హద్దులోకి రావాలంటే 30 తీసేయాలి, టీ −4. 24 + 4 = 28. చేత్తో లెక్కపెట్టినదే వచ్చింది.

కోడ్ దగ్గరికొచ్చాక టెన్షన్ మొదలైంది. ప్రధాన సంఖ్య పెరిగేకొద్దీ బహుపది చకచకా పెద్దదైపోతుంది. 3కి బహుపది ఘాతం 4, 5కి 12, 7కి 24. పి-256 అంత కర్వ్‌కైతే 103 వరకు ఉన్న 27 ప్రధాన సంఖ్యలూ కావాలి. 103 దగ్గర ఘాతం 5304. నా పైథాన్ కోడ్ నత్తనడక నడిచేది.

అది నడుస్తుండగా స్కోఫ్ పేరుతో పేపర్లు వెతుకుతుంటే అంటార్కిటికా మంచు పలకల మీద ఒకటి తగిలింది. ఆయన వేరే స్కోఫ్, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని క్రిస్టియన్ స్కోఫ్. అది 2007 పేపర్. మంచు నేలను వదిలి సముద్రం మీద తేలడం మొదలయ్యే గీతని గ్రౌండింగ్ లైన్ అంటారు. ఆ గీత కదలికని కంప్యూటర్ మోడళ్లలో సరిగ్గా పట్టాలంటే అక్కడ గ్రిడ్‌ని (మోడల్ లెక్క వేసే గడుల వలని) చాలా సన్నగా కొయ్యాలి. గీత దాటి పోయే మంచు ఎంతో అక్కడి మందాన్ని బట్టి నేరుగా చెప్పే సూత్రాన్ని ఆయన రాబట్టారు. మామూలుగా తీసుకునే విలువలతో ఆ ప్రవాహం మందానికి 4.75వ ఘాతంలో పెరుగుతుంది. మందం పది శాతం పెరిగితే ప్రవాహం సగానికి పైగా పెరిగినట్టే. ఖండం లోపలికి వెళ్లేకొద్దీ నేల లోతుగా ఉంటే, గీత వెనక్కి జరిగినప్పుడల్లా మందమైన మంచు ఎదురై ప్రవాహం ఇంకా ఎక్కువవుతుంది. ఆ సిద్ధాంతంలో అలాంటి వాలు మీద గీత స్థిరంగా నిలవదు. అంటార్కిటికాలోని త్వెయిట్స్ హిమానీనదం కింద నేల అలాగే ఉంది కాబట్టే దాని మీద అంత ఆందోళన. నా ప్రాజెక్టుకి సంబంధం లేకపోయినా మొత్తం చదివాను. ఇక్కడా బలంతో కాకుండా ఆలోచనతోనే లెక్క తేలింది, నాకు నచ్చింది అదే.

రిపోర్టులో పి-256 ఫలితాన్ని పారీ అనే సాఫ్ట్‌వేర్‌తో తీసి పెట్టాను. ఆ ప్రధాన సంఖ్యనీ, బిందువుల సంఖ్యనీ ఒకదాని కింద ఒకటి ప్రింట్ చేస్తే, 78 అంకెల్లో మొదటి 37 అంకెలు అచ్చంగా ఒకటే. హాసే సిద్ధాంతం కంటికే కనిపిస్తుంది. ఆ పేజీని వైవాలో అందరికీ చూపించాను.

ఇప్పుడు రెనే స్కోఫ్ పద్ధతికి ఎల్కీస్, ఆట్కిన్ అనే గణితవేత్తలు చేసిన మెరుగులు కోడ్‌లో రాస్తున్నాను. దాదాపు సగం ప్రధాన సంఖ్యలకి పెద్ద బహుపది బదులు దాని చిన్న కారణాంకం ఒకటి దొరుకుతుంది. 103కి అది దొరికితే ఘాతం 5304 కాదు, 51.