సిద్ధాంత గ్రంథంలో చిత్రాలకు సంఖ్యలు, వివరణలు

కాకతీయుల ఆలయ శిల్పం మీద రాసిన నా సిద్ధాంత గ్రంథంలో 140కి పైగా ఛాయాచిత్రాలున్నాయి. హన్మకొండ వేయి స్తంభాల గుడి మొదలుకొని పాలంపేట రామప్ప దాకా తిరిగి తీసిన ఆ చిత్రాలన్నిటికీ సంఖ్యలు చేత్తోనే టైపు చేశాను. మూడో అధ్యాయంలో ఒక్క చిత్రాన్ని తీసేయవలసి వచ్చినప్పుడు దాని తరువాతి సంఖ్యలన్నీ మారాయి. చిత్రాల కింద దిద్దాను గాని, పేరాల్లో 'చిత్రం 3.14లో చూడవచ్చు' అన్నచోట్ల దిద్దలేదు. బైండింగుకు ఇవ్వబోయే ముందు రాత్రి చూస్తే, రామప్ప గుడిలోని మదనిక అనే స్త్రీ శిల్పం గురించిన పేరా పాఠకుడిని ఖిల్లా వరంగల్ కీర్తితోరణం దగ్గరికి పంపుతోంది.

సంఖ్యలు వేసే పనిని మైక్రోసాఫ్ట్ వర్డ్‌కే వదిలేయాలి. రెఫరెన్సెస్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్ తెరిచి, న్యూ లేబుల్‌లో 'చిత్రం' అని ఒకసారి రాసుకుంటే చాలు. అధ్యాయం సంఖ్య కూడా కావాలంటే, అధ్యాయ శీర్షికలకు హెడింగ్ 1 స్టైల్, దానికి సంఖ్యల వరుస ముందే ఉండాలి. పేరాలో ఆ చిత్రాన్ని ప్రస్తావించేటప్పుడు సంఖ్యను టైపు చేయకుండా క్రాస్ రెఫరెన్స్ ద్వారానే చేర్చాలి. అయితే ఇవి అన్నిసార్లూ వాటంతట అవి మారవు. కంట్రోల్ ఎ నొక్కి ఎఫ్ 9 నొక్కితే కొత్త సంఖ్యలు వస్తాయి. తెలుగులో చిన్న చిక్కొకటి ఉంది: లేబుల్ ఎప్పుడూ ఏకవచనంలోనే వస్తుంది కనుక 'చిత్రాలు 3.14, 3.15' అనడానికి నేరుగా వీలుండదు. 'చిత్రం 3.14, చిత్రం 3.15లలో' అని రాసి, విభక్తిని చివర మనమే చేర్చుకోవాలి.

చిత్రం ఒక పేజీలో, వివరణ మరో పేజీలో పడకుండా చిత్రమున్న పేరాకు, దాన్ని తరువాతి పేరాతో కలిపి ఉంచే కీప్ విత్ నెక్స్ట్ పెట్టాలి. ఆరు అంగుళాల వెడల్పున, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు కావాలంటే 1800 పిక్సెళ్లు అవసరం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, అసలు ఫైలే అడిగి తెప్పించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వివరణ మీద. 'రామప్ప మదనిక' అని వదిలేస్తే పాఠకుడి చూపు హారాల మీదే ఆగిపోతుంది. నేను చెప్పదలచినది ఆమె పాదాల దగ్గర, మడమ ఎత్తుగా చెక్కిన పాదరక్షలో ఉంది. అందుకే ఇప్పుడు అక్కడ 'చిత్రం 3.14: మదనిక, రామప్ప ఆలయం, పాలంపేట, క్రీ.శ. 1213' అని ఒక వరుస ఉంది. పాదరక్ష మాట, ఆ శిల్పం గుడికి ఏ వైపున ఉందో, ఫొటో ఎప్పుడు తీశానో దాని కింద వేరే స్టైల్‌లో మరో పేరాగా ఉన్నాయి. అలా విడదీసినందువల్ల చిత్రాల పట్టికలోకి మొదటి వరుస మాత్రమే వెళ్తుంది.