క్యాంపు రోజుకెంత, బడి రోజుకెంత

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ల బాబుకు ఎనిమిదేళ్లు. ఈసారి సెలవుల్లో వాడిని ఇంటికి దగ్గర్లో ఉన్న యూదుల కమ్యూనిటీ సెంటర్ వాళ్ల డే క్యాంపులో, అంటే పగటిపూట మాత్రమే ఉండే క్యాంపులో వేసింది. ఎనిమిది వారాలకు దాదాపు 7 వేల డాలర్లు. మన రూపాయల్లో 6 లక్షలని చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఏం చేయమంటవే, ఇద్దరం డ్యూటీలకు పోతే పోరన్ని ఎవలు చూస్తరు?" అంది అక్క. అక్కడ జూన్ చివర్లో మూసిన బడి మళ్లీ సెప్టెంబర్‌లోనే తెరుస్తారు. ఇదివరకు ఆ నెలలకు అమ్మే వెళ్లేది, విజిటర్ వీసా మీద. శంషాబాద్ నుంచి రానుపోను టికెట్, ఇన్సూరెన్స్ కలిపితే అదీ తక్కువ ఖర్చేం కాదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో హన్మకొండ దాటడం లేదు.

నేను సుబేదారిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. ఏ ఫీజు విన్నా రోజుకెంత పడిందో లెక్కేస్తే గాని నాకు తృప్తి ఉండదు. అక్కతో పనిచేసే ఒక యూదు ఆవిడ తన పిల్లలను డే స్కూల్లో, అంటే యూదుల ప్రైవేటు బడిలో చదివిస్తోంది. ఒక్కొక్కరికి ఏడాదికి 24 వేల డాలర్లు. న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఈ ఫీజు వింతేమీ కాదు, హైస్కూలుకు వచ్చేసరికి 30 వేలు దాటేవీ ఉన్నాయి. బడి 180 రోజులు అనుకుంటే రోజుకు 133 డాలర్లు. క్యాంపు 40 రోజులు, రోజుకు 175. ఏడాది మొత్తం మీద బడి ఖర్చు మూడింతలు పైమాటే, కానీ రోజు చొప్పున చూస్తే క్యాంపే ఎక్కువ.

ఆ బడిలో రెండు చదువులు నడుస్తాయి. ఒక పూట యూదుల పవిత్ర గ్రంథం తోరా, హీబ్రూ భాష, ఇంకో పూట లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్. రెండింటికీ వేర్వేరు టీచర్లు. క్యాంపులో పిల్లలను చూసుకునేది ఎక్కువగా హైస్కూల్, కాలేజీ పిల్లలే, వాళ్ల జీతాలు తక్కువ. అయినా ఈత కొలను దగ్గర లైఫ్ గార్డులు, బస్సు, భోజనం, ఇన్సూరెన్స్, అన్నీ ఆ కొద్ది వారాల ఫీజులోంచే రావాలి.

ఇంకో తేడా ఉంది. అమెరికాలో ప్రభుత్వ బడి ఉచితం. ఇంటి పన్ను కట్టి, ఆ పన్నుతో నడిచే బడిని వదిలి, తమ మతం, భాష పిల్లలకు అందాలని మళ్లీ 24 వేలు కడుతున్నారు ఆ తల్లిదండ్రులు. చాలా డే స్కూళ్లకు ఆ ఫీజు కూడా చాలదు, ఏటా విరాళాలు పోగుచేస్తారు. కట్టలేనివాళ్లు తమ ఆదాయం వివరాలన్నీ చూపిస్తే తగ్గిస్తారు. డే స్కూలు భరించలేని యూదు కుటుంబాలకు వాళ్ల పాటలు, పండుగలు పిల్లలకు అందే దారుల్లో క్యాంపు ఒకటి. అన్ని మతాల పిల్లలనూ చేర్చుకునే క్యాంపు కాబట్టి మావాడికీ చోటు దొరికింది. శుక్రవారం ఇంటికొచ్చి 'షబ్బాత్ షాలోమ్' అని పాడుతున్నాడు (యూదుల వారపు విశ్రాంతి రోజుకు చెప్పుకునే శుభాకాంక్ష అది), అల్లిన జడలా ఉండే హల్లా రొట్టె గురించి అమ్మమ్మకు వర్ణించి చెప్తున్నాడు. నాకు చాలా సంతోషంగా ఉంది.

పన్ను సంగతి చెప్పకపోతే నా పనికి న్యాయం జరగదు. అక్కడ తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే, పదమూడేళ్లు నిండని పిల్లల డే క్యాంపు ఖర్చును పిల్లల సంరక్షణ ఖర్చుగా లెక్కేసి పన్నులో కొంత తగ్గిస్తారు. ఒక బిడ్డకైతే 3 వేల డాలర్ల ఖర్చు వరకే, ఇద్దరు, ఆపైన ఉంటే 6 వేల వరకు. రాత్రులు ఉండే క్యాంపుకు ఇది వర్తించదు. బడి ఫీజుకూ వర్తించదు. మన దగ్గర పూర్తిగా తిరగబడింది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజును మిగతా పొదుపులన్నిటితో కలిపి 1.5 లక్షల పరిమితిలో చూపించుకోవచ్చు. సమ్మర్ క్యాంపుకు రూపాయి కూడా రాదు. అంటే సెలవుల్లో పిల్లలను చూసుకోవడం తల్లి ఉద్యోగానికి సంబంధించిన ఖర్చు అని మన చట్టం ఒప్పుకోవడం లేదు. ఆఫీసుకు వెళ్లే ఆడవాళ్ల తరఫున నాకు ఇది నిజంగా బాధ.

మా పాప ఐదో తరగతి. ఫీజు, బస్సు కలిపి ఏడాదికి 68 వేల రూపాయలు. 220 రోజులకు రోజుకు 300 పైన, గంటకు 45 లోపే. నక్కలగుట్టలో ఒక క్యాంపు నెలకు 4 వేలు అడిగింది. రోజుకు రెండే గంటలు, డ్యాన్సు, డ్రాయింగు. గంటకు 80 దాటింది. డబ్బు సరే, ఆ రెండు గంటల తర్వాత పాప ఎక్కడ ఉండాలి? ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మేలో పెట్టే శిక్షణ మంచిదే, కానీ ఎండ ఎక్కేలోపు అయిపోతుంది.

ఆ వారాలన్నీ బడులకు తాళాలే. గదులు, ఫ్యాన్లు, బోరు, మరుగుదొడ్లు, ఆట స్థలం ఊరికే ఉంటాయి. అందుకే అలాంటి బడిలోనే మా కాలనీ పిల్లలకు క్యాంపు నడిపితే ఎంతవుతుందో ఒక కాగితం మీద లెక్క రాశాను. నలభై మంది పిల్లలు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా, 25 రోజులు. సెలవుల్లో ఉన్న కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులు నలుగురికి తలా 8 వేలు. వంటమనిషికి 10 వేలు. పీఈటీ సారుకు 15 వేలు. పప్పన్నం, మజ్జిగ, ఒక పండు రోజుకు 40 రూపాయల చొప్పున అందరికీ కలిపి 40 వేలు. మందుల పెట్టె, బొమ్మల కాగితాలకు 3 వేలు. మొత్తం లక్ష. బడి వాళ్లు అద్దె అడగకుండా ఉంటే ఒక్కొక్కరికి 2,500. పది దాటాక అందరూ గదుల్లోనే, ఎండలో ఎవరినీ తిప్పొద్దు.

ఇందులో ఐదుగురిని ఫీజు లేకుండా తీసుకోవాలని నా పట్టుదల. మా కాలనీలో ఇళ్లల్లో పనిచేసే అమ్మలు పిల్లలను వెంటబెట్టుకుని వస్తున్నారు, లేదంటే ఇంట్లో ఉంచి తాళం వేసి వస్తున్నారు. ఆ ఐదుగురి ఖర్చు మిగతా 35 మంది మీద పంచితే తలా 2,860 దగ్గర పడుతుంది. 360 రూపాయలు పెరగడానికి మా కాలనీలో ఎవరూ కాదనరని నా నమ్మకం. కాగితం కాలనీ సెక్రటరీ గారికి ఇచ్చాను. బడి కరస్పాండెంట్ గారిని కలిసినప్పుడు రెండు విషయాలు తేల్చుకోవాలి: తాళాలు ఎవరి దగ్గర ఉండాలి, పిల్లలకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది.