సబ్బు మానేశాక మానిన గాయం

కాన్పు రోజు నాకు గాయం సంగతే తెలియలేదు. పాప బయటికి వచ్చేటప్పుడు చర్మంతో పాటు కింద కండరం కూడా చిరిగిందనీ, రెండో డిగ్రీ చిరుగనీ చెబుతూ డాక్టరమ్మ కుట్లు వేస్తోంది. నా చూపంతా పాప మీదే ఉంది. మర్నాడు మంచం దిగబోతే తెలిసింది. యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న ఆ కాస్త చోటు మీదే ఒళ్లంతా ఆనుకుని ఉన్నట్టుంది. కూర్చుంటే పోటు, నిలబడితే బరువు, మూత్రం వస్తుందంటే భయం. మొదటి రోజు సిస్టరు గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పది నిమిషాల చొప్పున పెడుతుంటే కాస్త ప్రాణం కుదుటపడేది.

పొరపాటు నేను చేసింది ఇంటికొచ్చాక, అదీ శుభ్రం పేరుతోనే. గాయమంటే క్రిములు, క్రిములంటే సబ్బు, నా బుర్రలో అంతే ఉంది. సువాసన వేసే వాష్‌తో రోజుకు నాలుగైదుసార్లు కడిగేదాన్ని. నీళ్లలో యాంటీసెప్టిక్ మందు కూడా కలిపేదాన్ని. కడిగిన ప్రతిసారీ భగ్గున మంట. మండుతోందంటే మందు పనిచేస్తోందనుకుని పళ్ల బిగువున ఓర్చుకున్నాను. వాడిన ప్యాడ్లు కూడా సెంటు వాసనవే. వాటి ప్లాస్టిక్ జాలీ పైపొర కుట్ల దారాలకు పట్టుకునేది. మార్చేటప్పుడు సన్నగా లాగినట్టయి ప్రాణం జివ్వుమనేది.

నొప్పి రోజురోజుకూ తగ్గాలి కదా, నాకు ఆరో రోజు నుంచి పెరిగింది. ప్యాడ్ మీద పచ్చటి మరక, ఏదో కుళ్లిన వాసన. ఆ చోటు గురించి నోరు విప్పడానికి సిగ్గేసి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పాపకు పాలిస్తూ నేను ఒక పక్కకే ఒరిగి కూర్చోవడం చూసి అమ్మే అడిగింది. విన్నాక ఒక్కటే అంది: "చెయ్యి తెగితే చూపించవా? ఇదీ అంతేనే."

డాక్టరమ్మ చూసింది. కిందివైపు ఒకచోట కుట్టు విడిపోయి చీము పట్టింది. చుట్టూ చర్మం ఎర్రగా ఒరిసిపోయి పొట్టు లేస్తోంది. "దేంతో కడుగుతున్నావమ్మా?" అని అడిగితే జాబితా అంతా చదివాను. "అవన్నీ ఆపెయ్. ఉత్త నీళ్లు చాలు," అంది. పాలిచ్చేవాళ్లకు ఇబ్బంది లేని యాంటీబయాటిక్ రాసింది. విడిపోయిన చోట మళ్లీ కుట్టు అక్కర్లేదట, అడుగు నుంచి కొత్త కండ వచ్చి నిదానంగా పూడుకుంటుందట. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోయినా పగలూ రాత్రీ చూడకుండా వచ్చెయ్యమంది.

ఆ రోజు నుంచి నన్ను ఆదుకున్నది ఒక నొక్కే ప్లాస్టిక్ సీసా. గోరువెచ్చటి నీళ్లు నింపుకుని, మూత్రం పోసేటప్పుడే ముందు నుంచి ధారగా పోసుకోవాలి. మూత్రం పలచబడిపోతుంది, మంట తెలియదు. మొదటిసారి అలా చేసినప్పుడు బాత్‌రూమ్‌లోనే ఏడ్చేశాను, వారం తర్వాత మంట లేకుండా మూత్రం పోసుకోవడం అదే. తర్వాత రుద్దకుండా మెత్తటి గుడ్డతో ముందు నుంచి వెనక్కి అద్దుకోవడమే. రోజుకు రెండుసార్లు శుభ్రమైన టబ్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని పది నిమిషాలు కూర్చునేదాన్ని, అందులో ఏమీ కలపకుండా.

ప్యాడ్లు వాసన లేనివి, పైన దూది పొర ఉన్నవి తెచ్చుకున్నాను. తడిసినా తడవకపోయినా మూడు నాలుగు గంటలకోసారి మార్చడం, ముందూ వెనకా చేతులు కడుక్కోవడం. లోపల పెట్టుకునే టాంపన్లు, నెలసరి కప్పులు ఆరు వారాల దాకా వద్దే వద్దన్నారు. పాప నిద్రపోయినప్పుడు లోదుస్తులు లేకుండా టవల్ పరుచుకుని పడుకుని గాలి తగలనిచ్చేదాన్ని. ఏ క్రీమూ ఇవ్వని హాయి అది.

విరేచనమంటే మాత్రం చాలా రోజులు వణుకే. కుట్లు పిగిలిపోతాయేమోనని బిగబట్టుకుంటే మలం ఇంకా గట్టిపడేది. మెత్తబరిచే మందు, మంచినీళ్లు, కాళ్ల కింద చిన్న పీట, వీటితో నెట్టుకొచ్చాను. శుభ్రమైన ప్యాడ్ మడిచి కుట్ల మీద మెల్లగా అదిమి పట్టుకోమని సిస్టరు చెప్పింది. ఆ ఆసరాతో భయం సగం పోయింది.

మూడో వారంలో ప్యాడ్ మీద చిన్న దారం ముక్క కనిపించి హడలిపోయాను. కరిగే కుట్లు అలాగే ఊడి వస్తాయట. అప్పటికి ఎర్రటి స్రావం గోధుమ రంగుకు, తర్వాత పసుపు కలిసిన తెలుపుకు మారింది. అప్పుడు ధైర్యం చేసి చేతి అద్దంలో మొదటిసారి చూసుకున్నాను. నేను ఊహించుకున్నంత ఘోరంగా ఏమీ లేదు, సన్నటి గులాబీ గీత, ఒకచోట చిన్న గుంట. ముందే చూసుకుని ఉంటే అన్ని రాత్రులు కుమిలేదాన్ని కాదు.

ఎనిమిదో వారంలో గట్టి కుర్చీలో రెండు పక్కలా సమంగా కూర్చుని పాపకు పాలిచ్చాను.

చెల్లికి ఇప్పుడు ఎనిమిదో నెల. దాని ఆసుపత్రి సంచిలో కొత్త సీసా ఒకటి, వాసన లేని ప్యాడ్లు రెండు ప్యాకెట్లు పెట్టాను, వాటితో పాటు ఒక చేతి అద్దం.