విలన్ పక్కన నిలబడేవాడు

1983లో వచ్చిన ‘ఆక్టోపసీ’ చివరి ఘట్టంలో, ఆకాశంలో ఎగురుతున్న ఒక చిన్న విమానాన్ని జేమ్స్ బాండ్ బయటి నుంచి కరచుకుని వేలాడుతుంటాడు. లోపలున్న విలన్ కమల్ ఖాన్, తన నమ్మినబంటు గోబిందాను బయటికి వెళ్ళి బాండ్ పని పట్టమని ఆజ్ఞాపిస్తాడు. గోబిందాగా నటించినది మన కబీర్ బేడీ. అంతకుముందు జూదపు పాచికలను పిడికిట్లో పెట్టి పిండి చేసిన మనిషి, సినిమా పొడుగునా కదలని ముఖంతో యజమాని వెనక నిలబడిన మనిషి, ఆ ఆజ్ఞ విన్నప్పుడు మాత్రం ఒక్క రెప్పపాటు ఆగుతాడు. బయటికా అన్నట్టు యజమాని వైపు చూస్తాడు. ఆ తరువాత తలుపు తీసుకుని గాలిలోకి వెళ్తాడు. కాసేపటికి బాండ్ యాంటెన్నా కమ్మిని వంచి వదలగానే అది అతని ముఖాన తగులుతుంది, పట్టు జారుతుంది, అంతే.

నేను ఆ సినిమాను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, కానీ ప్రతిసారీ ఆ రెప్పపాటు చూపు దగ్గరే నా మనసు ఆగిపోతుంది. నాకు అక్కడ మారీచుడు కనిపిస్తాడు. బంగారు లేడి వేషం వేయమని రావణుడు అడిగినప్పుడు మారీచుడు వద్దని ఎంతో నచ్చజెప్పాడు. వెళ్తే రాముడి బాణానికి, వెళ్ళకపోతే రావణుడి చేతికి ప్రాణం పోతుందని తేలిపోయిన తరువాతే అడుగు కదిపాడు. వాల్మీకి ఆ మారీచుడికి కొన్ని సర్గల పొడుగునా మాట్లాడే అవకాశం ఇచ్చాడు. గోబిందాకు దొరికినది ఒక్క చూపు. అయినా ఆ ఒక్క చూపుతోనే, విలన్ పక్కన నిలబడేవాడు కూడా భయపడగల మనిషేనని సినిమా ఒప్పుకున్నట్టయింది.

మాది కర్నూలు. మా వీధిలోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో రాత్రి పూట ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి. నేను తెలుగు మీడియంలో చదువుకుంటున్న రోజులవి కాబట్టి అందులో ఎవరు ఏం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. విలన్ పెద్ద బల్ల ముందు కూర్చుని తన పథకాన్ని ఐదేసి నిమిషాలు వివరిస్తుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. వెనక నిలబడినవాడు కదిలినప్పుడు మాత్రం లేచి కూర్చునేవాణ్ణి, ఎందుకంటే అతనికి మాటలతో పని లేదు. అతని భుజాలు, అతని చూపు, అతను తలుపు మూసే పద్ధతి, ఇవే అతని భాష, ఆ భాష నాకు బాగా వచ్చు. గూఢచారి సినిమా అనేది నాకు మొట్టమొదట అర్థమైనది హీరో ద్వారా కాదు, విలన్ ద్వారా అంతకంటే కాదు, ఈ మూగ అనుచరుల ద్వారానే. మా నాన్న తరానికి 1966 నాటి ‘గూఢచారి 116’లోని కృష్ణ ఎలా తలపుకు వస్తాడో, నాకు అలాగే వీళ్ళు తలపుకు వస్తారు.

వాళ్ళలో నేను మొదట చూసినవాడు ఆడ్‌జాబ్. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లో ఇనుప అంచున్న టోపీని విసిరి రాతి విగ్రహం తల తెగగొట్టే మనిషి అతనే. ఆ పాత్ర వేసిన హెరాల్డ్ సకాటా నటనే వృత్తిగా ఎదిగినవాడు కాదు. హవాయిలో పుట్టి, 1948 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున బరువులెత్తి రజత పతకం గెలిచి, ఆ తరువాత కుస్తీలు పట్టినవాడు. బంగారం దాచిన ఖజానాలో జరిగే పోరాటంలో బాండ్ ఒక కడ్డీ తీసుకుని బలంకొద్దీ కొడితే ఆడ్‌జాబ్ చిరునవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు బెదిరింపు కాదు, ఎంతో బరువు మోసిన ఒళ్ళు చిన్న బరువును చూసి పడే సంతృప్తి. చివరికి టోపీ ఇనుప కమ్మీల మధ్య ఇరుక్కుని ఉండగా, దాన్ని తీసుకోబోయిన అతనికి కరెంటు తగిలి చనిపోతాడు. ఆ దృశ్యం తీస్తున్నప్పుడు సకాటా చెయ్యి నిజంగానే కాలిందని, అయినా దర్శకుడు కట్ చెప్పేదాకా టోపీని వదలలేదని చదివాను. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ ఘట్టాన్ని మునుపటి కళ్ళతో చూడలేకపోతున్నాను.

ఇలా చూడటం నాకు నేర్పినది మా పక్కింటి మామ. ఆయన కర్నూలు మార్కెట్ యార్డులో హమాలీ. ఉల్లిగడ్డల బస్తాను వంగి వీపుకెత్తుకుని లారీ పలకమీద నడిచి వెళ్ళేటప్పుడు ఆయన మెడ నరాలు తాళ్ళలా తేలేవి. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఘనవిజయం సాధించిన తరువాత సీమ కథల సినిమాలు వరుసగా వచ్చాయి, మా వైపు షూటింగులు పెరిగాయి. అలాంటి ఒక షూటింగు కోసం ఒళ్ళున్న మనుషులు కావాలని ఏజెంటు ఒకడు యార్డుకు వచ్చి మామను, మరికొందరిని ఎంపిక చేసుకున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతికి అట్ట కత్తి. పేరు లేదు, మాట లేదు. సుమోలో నుంచి దూకాలి, హీరో చేయి ఊపగానే పడాలి. మోకాళ్ళకు, మోచేతులకు స్పాంజి ముక్కలు పెట్టి గుడ్డపేలికలతో బిగించి కట్టేవారట. పడేచోట ఖాళీ అట్టపెట్టెలు వరుసగా పేర్చి, పైన పరుపు వేసి, దానిమీద మట్టి చల్లేవారట. పెట్టెలు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే లోపలి గాలి బయటికి పోతూ అట్ట నలిగితేనే పడ్డవాడి బరువు నెమ్మదిగా నేలకు దిగుతుంది. ఈ లెక్క నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మామే చెప్పాడు.

మూడోరోజు మామ పరుపు అంచు తప్పి పడ్డాడు. కుడి భుజం విరిగింది. ఆ ఏజెంటు చేతిలో ఆటో చార్జీ పెట్టి పంపించాడు, మళ్ళీ తిరిగి చూడలేదు. ఆ చెయ్యి ఈనాటికీ చెవి దాటి పైకి లేవదు. కోపంతో మామ సినిమాలు మానేస్తాడనుకున్నాను, కానీ ఆయన చూడటం ఎక్కువైంది. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, ఫైటు రాగానే నా వైపు తిరిగి అనేవాడు: “అల్లుడా, కొట్టేవాన్ని చూడాకు. పడేవాన్ని చూడు. కొట్టేవాడు చెయ్యి ఊపితే సరిపాయ. పడేవాడు ఒళ్ళంతా పోవల్ల.”

అది అక్షరాలా నిజం. తెరమీద గుద్దు తగలదు; పిడికిలికీ దవడకీ మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ కనబడని వైపు కెమెరా పెడతారు. ఆ ఖాళీని పూడ్చేది దెబ్బ తిన్నవాడి తల తిప్పుడు. అతను కొంచెం ముందు తిప్పితే అబద్ధమని తెలిసిపోతుంది, కొంచెం ఆలస్యంగా తిప్పితే పన్ను ఊడుతుంది. అంటే హీరో బలమంతా ఎదుటివాడు అప్పిచ్చిన బలం. అనుచరుడు ఎంత గట్టివాడిగా నిలబడితే హీరో అంత గట్టివాడవుతాడు. అతను దూదిబొమ్మ అయితే హీరో గాలిపటమవుతాడు. విలన్ తెలివి ఎంతటిదైనా దాని బరువు ప్రేక్షకుడి ఒంటికి తగిలేది ఈ మధ్య మనిషి ద్వారానే.

ఈ మాటకు నేను చూపగల అన్నిటికంటే మంచి సాక్ష్యం 1963 నాటి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లోని రైలు పోరాటం. రెడ్ గ్రాంట్ అనే హంతకుడిగా రాబర్ట్ షా నటించాడు. సినిమాలో చాలాసేపు అతను ఒక్క మాటా మాట్లాడడు. బాండ్ వెళ్ళిన చోటుకల్లా నీడలా వెళ్తాడు, దూరం నుంచి చూస్తాడు, ఒక్కోసారి తన పథకం కోసం బాండ్ ప్రాణాన్ని కాపాడతాడు కూడా. చివరికి రైల్లో పెద్దమనిషి వేషంలో బాండ్‌తో కలిసి భోజనానికి కూర్చుని, చేపకు తోడు ఎర్రద్రాక్ష సారా తెప్పించుకుంటాడు. ఆ పొరపాటును బాండ్ తరువాత గుర్తుచేసుకుంటాడు. అసలు పోరాటం రైలు గదిలో జరుగుతుంది. ఇద్దరు మనుషులు చేతులు చాచలేనంత ఇరుకు గది, నీలి వెలుతురు, పట్టాల చప్పుడు. ఎగిరి తన్నడానికి చోటు లేదు, పారిపోవడానికి దారి లేదు. మామ దాన్ని చూస్తూ ఒక్క మాటా అనలేదు, అయిపోయాక మాత్రం “ఇరుకులో పడేది కష్టం, అల్లుడా, నెత్తి ఎక్కడో ఒకచోట కొట్టుకుంటాది” అన్నాడు. షా, బాండ్‌గా వేసిన కానరీ ఇద్దరూ ఆ పోరాటంలో ఎక్కువ భాగం స్వయంగా చేశారని చెబితే ఎంతో గౌరవంగా తల ఊపాడు.

అనుచరుడు యజమాని కంటే పెద్దవాడైపోయిన సందర్భం జాస్‌ది. ఏడడుగులు దాటిన రిచర్డ్ కీల్, నోటినిండా ఉక్కు పళ్ళతో 1977లో ‘ద స్పై హూ లవ్డ్ మీ’లో కనిపించాడు. ఆ పళ్ళు పెట్టుకుంటే ఎంత బాధగా ఉండేదంటే, షాట్ అవగానే తీసేయవలసి వచ్చేదట. అతన్ని జనం ఎంతగానో ఇష్టపడ్డారు. జాస్ మంచివాడుగా ఎందుకు మారకూడదని పిల్లలు దర్శకుడు లూయిస్ గిల్బర్ట్‌కు ఉత్తరాలు రాశారు. 1979 నాటి ‘మూన్‌రేకర్’లో అదే జరిగింది. రియోలో కేబుల్ కారు తాడును అతను కొరికే దృశ్యంలో ఆ తాడు నిజానికి మన నాటుమందుల కొట్టులో దొరికే అతిమధురంతో చేసినది. కథ ముగింపుకు వచ్చేసరికి, లోపాలున్న మనుషులకు తన కొత్త లోకంలో చోటు లేదని విలన్ అంటున్న మాటలు జాస్ చెవిన పడతాయి. అతను తన ఉక్కు పళ్ళను తలచుకుంటాడు, పక్కనున్న ప్రియురాలి కళ్ళద్దాలను చూస్తాడు, పక్షం మారుతాడు. రెండు సినిమాలలో కలిపి అతను పలికిన ఒకే ఒక్క మాట, చివర్లో ఆమెతో గ్లాసు తాకించి చెప్పే శుభాకాంక్ష. 1985 నాటి ‘ఎ వ్యూ టు ఎ కిల్’లో గ్రేస్ జోన్స్ వేసిన మే డే అనే అనుచరురాలు కూడా యజమాని తనను గనిలో వదిలేసి పోయాడని తెలిసిన తరువాత బాంబును తానే బయటికి తీసుకుపోయి ప్రాణం ఇస్తుంది. రెండు చోట్లా ఆ తిరుగుబాటుకు సినిమా ముందునుంచే కొంత మన్నన చూపి ఉండటంవల్ల అది అతికినట్టు ఉంటుంది.

పేరున్నవాళ్ళ సంగతి ఇది. పేరు లేనివాళ్ళు ఎంతో మంది. 1967 నాటి ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ కోసం కళాదర్శకుడు కెన్ ఆడమ్ అగ్నిపర్వతం లోపలి స్థావరాన్ని అప్పటి లెక్కలో సుమారు పది లక్షల డాలర్లతో కట్టించాడు. అందులో ఒకే రంగు దుస్తులు వేసుకుని పరుగెత్తి, కాల్పులకు పడిపోయే మనుషులు వందకు తక్కువ కాదు. వాళ్ళను చూసినప్పుడల్లా నాకు సుమోల్లో నుంచి దూకే మా తెల్లచొక్కాల మనుషులే గుర్తుకొస్తారు. నేను పై ఊళ్ళో చదువుకునేటప్పుడు, కర్నూలు అనగానే మీ ఇళ్ళల్లో కత్తులుంటాయా అని అడిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు సినిమా చూపినది నాయకుడినీ అతని మీసాన్నీ. ఆ నాయకుడి పక్కన నడిచి ముందు నేలకొరిగినవాడు ఎవరు, అతను ఏ కూలి కోసం వెళ్ళాడు, అతని ఇంట్లో ఎవరు మిగిలారు అనేది ఏ సినిమా ఆగి చూపలేదు. మా పల్లెల్లో ఫాక్షన్ కాలాన్ని చూసిన పెద్దలకు మాత్రం ఆ ఇళ్ళు ఏవో తెలుసు.

ఈమధ్య వస్తున్న గూఢచారి సినిమాలు నాకు ఈ కారణంగానే నచ్చడం లేదు. అనుచరులందరికీ నల్ల ముసుగులు, చేతిలో తుపాకులు, హీరో నడుస్తూ కాలిస్తే వరుసగా ఒరిగిపోవడం. ఒక్కడి ముఖమూ కనబడదు, ఒక్కడి బరువూ నేలకు తగిలినట్టు ఉండదు. ఖర్చు పదింతలైంది, ఆడ్‌జాబ్ నవ్వులాంటిది ఒక్కటీ లేదు. యాభై మంది ముసుగువాళ్ళ స్థానంలో ఒక్క మనిషిని పెట్టి, అతనికి ఒక నడక, ఒక అలవాటు, ఒక భయం ఇమ్మని కథ రాసేవారిని వేడుకుంటున్నాను.

పోయిన ఆదివారం మామకు ‘మూన్‌రేకర్’ మొదటి ఘట్టం మళ్ళీ చూపించాను. బాండ్‌ను విమానం నుంచి తోసి, జాస్ తానూ వెనకే గాలిలోకి దూకుతాడు. ప్యారాచూట్ తాడు తెగి, రెక్కల్లా చేతులు ఆడిస్తూ సర్కస్ డేరామీద పడతాడు. మామ ఎడమచేతిలో టీ గ్లాసు పట్టుకుని, ముందుకు వంగి చూశాడు.

“ఆ పొడుగాయనే దూకినాడా?” అని అడిగాడు.

“లేదు మామా, గాల్లో ఉండేది వేరే ఆయన. రాన్ లుగిన్‌బిల్ అని.”

“ఎన్నిసార్లు దూకించినారు?”

ఆ ఘట్టం మొత్తానికి అందరూ కలిసి 88 సార్లు దూకారని చెప్పాను. మామ గ్లాసు కింద పెట్టాడు. ఎడమచేతితో కుడి భుజాన్ని కాసేపు నిమురుకున్నాడు. ఆ పేరు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. పెదవులు కదుపుతూ తనలో తాను పలుకుకుని, నోరు తిరిగిన తరువాత, మొదటినుంచి ఇంకోసారి పెట్టమన్నాడు.