‘మార్టినెల్లి’ వీడియో వైరస్సేనా?

‘రేపు మార్టినెల్లి అనే వీడియో వస్తుంది, తెరిస్తే ఫోన్ హ్యాక్, ఫార్మాట్ చేసినా పోదు, అందరికీ పంపండి.’ వాట్సాప్‌లో తిరిగే ఈ మెసేజ్ 2017లో స్పెయిన్‌లోనూ తిరిగిన పాత పుకారు. ఆ ‘రేపు’ ఇంతవరకూ రాలేదు! తేదీ లేదు, లింకు లేదు, ఏ ఫోన్లకో చెప్పదు.

మెసేజ్ పైన రెండు బాణాలు, ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’ అని ఉంటే ఎన్నో చేతులు మారిందన్నమాట. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తాయి.

వీడియో ఫైల్‌తో ఫోన్‌లో చొరబడటం అసాధ్యం కాదు. 2019లో వాట్సాప్‌లో అలాంటి లోపమే ఒకటి బయటపడింది, అప్‌డేట్‌తో సరిచేశారు. కాబట్టి అప్‌డేట్లు ఆపకండి.

అసలు ముప్పు పెళ్లి శుభలేఖ, చలానా పేరుతో వచ్చే ఫైళ్లది. పేరు చివర ‘.ఏపీకే’ (.apk) ఉంటే అది ఫొటో కాదు, యాప్. నొక్కగానే ఎక్కదు, ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనుమతి అడుగుతుంది. అక్కడే ఆగిపోవాలి. ఇచ్చేశారా? ముందు నెట్ ఆపండి, సేఫ్ మోడ్‌లో (బయటి యాప్‌లు పనిచేయని స్థితి) ఆ యాప్ తీసేయండి, బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.